మంచుపై బాట వేసిన బొంబార్డియర్

లోకమునకు ఉపకరించిన యంత్రములన్నియు మహానగరములలోని పెద్ద ప్రయోగశాలలయందే పుట్టినవని తలచుట పొరపాటు. ఒక చిన్న పల్లెలో పుట్టి, ఆ పల్లెలోనే పనిచేసి, ఆ పల్లెవారి కష్టమును తీర్చుటకే తన బుద్ధిబలమునంతయు వినియోగించి, తుదకు మంచు కురియు దేశములన్నింటికిని మేలుచేసిన ధన్యజీవి జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్. ఆయన పేరు ఉత్తరోత్తరా రైళ్లకును విమానములకును కూడ ఎక్కినది. కాని అది ఆయన గతించిన పిమ్మటి కథ. ఆయన తన జీవితమును ధారపోసినది ఒక్క సమస్యకే: శీతకాలమున మంచులో మునిగి లోకముతో సంబంధము తెగిపోయిన పల్లెకు, వైద్యుని యొద్దకును, బడికిని, ఆసుపత్రికిని దారి కల్పించుట ఎట్లు?

జననము - బాల్యము

కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రములో, మాంట్రియల్ నగరమునకు తూర్పుగా నూరు కిలోమీటర్లకు పైగా దూరమున వాల్‌కూర్ అను గ్రామము కలదు. అచ్చటివారి మాతృభాష ఫ్రెంచి. ఆ గ్రామ ప్రాంతమున 1907 వ సంవత్సరము ఏప్రిల్ 16 వ తేదీన ఆల్‌ఫ్రెడ్ బొంబార్డియర్, ఆన్నా గ్రావెల్ దంపతులకు జ్యేష్ఠపుత్రుడుగా ఆర్మాండ్ జన్మించెను. తండ్రి రైతు, పిమ్మట వర్తకము కూడ చేసెను. కుటుంబము పెద్దది.

చిన్ననాటినుండియు ఆ బాలునికి యంత్రములపై మక్కువ మెండు. పాడుపడిన గడియారములను విప్పి, అందలి చక్రములను, కమానులను చుట్టపెట్టెల చెక్కలకు బిగించి, తమంతట తామే కదలు బొమ్మబండ్లు చేయుచుండెను. కుమారుడు మతగురువు కావలెనని తండ్రి కోరిక. ఆ కోరికపై ఆర్మాండ్‌ను షెర్‌బ్రూక్ పట్టణమందలి సెమినరీ విద్యాలయమునకు పంపెను. బాలుడు అచ్చట చదువుచుండెనేగాని మనస్సు మాత్రము ఇంజనులమీదనే యుండెను.

ఆ ప్రాంతపు శీతకాలము

అచ్చటి శీతకాలమెట్టిదో తెలిసికొనినగాని ఆయన కృషి విలువ బోధపడదు. సంవత్సరములో నాలుగైదు నెలలు నేల కనబడదు. ఉష్ణమానము నీరు గడ్డకట్టు స్థితికి 20, ఒక్కొక్కప్పుడు 30 డిగ్రీలు దిగువకు పోవును. తుపాను వీచినపుడు మంచు కంచెలను కప్పివేసి, దారి యేదో పొలమేదో తెలియకుండ చేయును. ఆ దినములలో పల్లెటూరి బాటలనుండి మంచును తొలగించు ఏర్పాటులు లేవు. గుఱ్ఱములు లాగు చక్రములు లేని జారుడుబండ్లే గతి.

మోటారుకార్లు అప్పుడప్పుడే పల్లెలకు వచ్చుచుండెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుండి 1927 వరకు తయారుచేసిన మోడల్ టి కారు. అట్టివి కోటి యేబది లక్షల బండ్లు తయారైనవి. వానిలో పెక్కింటికి గుడ్డటాపు తప్ప వేరు కప్పు లేదు. ప్రక్కలకు అద్దములు లేవు. చలికాలమున అట్టి బండిని నడపుట యొక సాహసము. రాత్రి రేడియేటరులో నీరుంచినచో గడ్డకట్టి లోహమును బ్రద్దలు చేయును. కనుక సాయంకాలమున నీటిని తీసివేసి, ఉదయమున కాచిన నీటిని పోయవలెను. ఇంజనులోని చమురు చలికి బిగిసి జిగురువలె నగును. ముందరి హ్యాండిలు త్రిప్పబోయిన చేయి నొచ్చుటయే గాని ఇంజను కదలదు. అందుచే కొందరు చమురును పొయ్యిమీద వేడిచేసి పోయుచుండిరి. కొందరు వెనుకచక్రమునొకదానిని జాకీతో పైకెత్తి, ఇంజనుపై భారము తగ్గించి త్రిప్పుచుండిరి. ఇంత చేసి బయలుదేరినను, ముఖమునకు కొట్టు హిమవాయువు కన్నులు తెరువనీయదు. దళసరి తోలుకోట్లు, కంబళ్లు, చేతిజోళ్లు లేనిదే బండిలో కూర్చుండుటకు వీలులేదు. టైర్లకు ఇనుపగొలుసులు చుట్టి కొంతదూరము పోవచ్చును. కాని మంచు లోతైనచోట ఆ గొలుసులు సైతము నిరర్థకములే. కావున పెక్కుమంది మొదటి మంచుతోనే తమ కార్లను కొయ్యదిమ్మెలపై నెక్కించి, వసంతము వచ్చువరకు కొట్టములలో నుంచివేయుచుండిరి.

1922 డిసెంబరు 31

ఇంటిలోని మోటారును కుమారుడు మాటిమాటికి విప్పుచుండుట చూచి, ఆ తండ్రి పాతబడి పనికిరాని యొక మోడల్ టి కారును ఆర్మాండ్‌కు ఇచ్చెను. అది బాలునికి నిధివలె దొరకెను. ఆ ఇంజనును బాగుచేసి, తమ్ముడు లియోపోల్డు సాయముతో ఒక కొయ్య జారుడుబండిమీద నెక్కించి, దానికి వెనుక చేతితో చెక్కిన కొయ్యపంకాను అమర్చెను. విమానపు పంకా గాలిని నెట్టినట్లే ఇదియు గాలిని వెనుకకు నెట్టి బండిని ముందునకు త్రోయును.

1922 వ సంవత్సరము డిసెంబరు 31 వ తేదీన అన్నదమ్ములిద్దరును ఆ బండిని కొట్టమునుండి వెలుపలికి తీసిరి. తమ్ముడు ముందు కూర్చుండి దిక్కు త్రిప్పుచుండెను. అన్న వెనుక ఇంజనును చూచుకొనుచుండెను. గుఱ్ఱము లేని బండి పెద్దరొదతో ఊరివీధిలో మంచుపై పరుగెత్తుట చూచి గ్రామస్థులు నిశ్చేష్టులైరి. అప్పటికి ఆర్మాండ్ వయస్సు పదునైదేండ్లు మాత్రమే. కాని అడ్డులేకుండ గిఱ్ఱున తిరుగు ఆ పంకా ఎవరికి తగిలినను ప్రాణాపాయమే. తండ్రి ఆ ప్రమాదమును గుర్తించి, బండిని వెంటనే విప్పివేయవలసినదని ఆజ్ఞాపించెను. కుమారుడు ఆజ్ఞను శిరసావహించెను. బండి విప్పబడినది, ఆలోచన మాత్రము విప్పబడలేదు.

గారేజి

పదునేడవయేట ఆర్మాండ్ సెమినరీ చదువు మాని, యంత్రవిద్యయే తన వృత్తియని తండ్రిని ఒప్పించెను. మొదట సమీప గ్రామమున నొక గారేజిలోను, పిమ్మట మాంట్రియల్ నగరమునను పని నేర్చెను. పగలు గారేజిలో పనిచేయుచు, రాత్రులందు యంత్రవిద్యయు విద్యుద్విద్యయు అభ్యసించెను. టపాద్వారా బోధించు పాఠములను కూడ తెప్పించుకొని చదివెను. ఇంజనీరింగు కళాశాల పట్టము ఆయనకెన్నడును లేదు. పుస్తకము ఒక చేత, పనిముట్టు ఒక చేత పట్టి సంపాదించిన విద్యయే ఆయన విద్య.

1926 లో తండ్రి తోడ్పాటుతో వాల్‌కూర్‌లో సొంత గారేజిని తెరచెను. అప్పటికాయనకు పందొమ్మిదేండ్లు. కార్లు, వ్యవసాయయంత్రములు, పంపులు—ఏది చెడినను రైతులు ఆయనయొద్దకే వచ్చుచుండిరి. తన యంత్రములకు కావలసిన విద్యుత్తునకై ప్రక్కనున్న వాగుపై చిన్న ఆనకట్ట కట్టి, నీటిచక్రమును నెలకొల్పెను. తండ్రి ఇచ్చిన అప్పును కొలది సంవత్సరములలోనే తీర్చివేసెను. 1929 ఆగస్టు 7 వ తేదీన ఇవోన్ లాబ్రెక్ అను యువతిని వివాహమాడెను.

శీతకాలమున గారేజికి పని తక్కువ. ఊరి కార్లన్నియు కొట్టములలో నిద్రించుచుండునుగదా! ఆ తీరికనెలలే ఆయనకు ప్రయోగకాలమైనవి.

పూర్వుల ప్రయత్నములు

మంచుపై మోటారు నడపవలెనను తలంపు అప్పటికి క్రొత్తది కాదు. రష్యా చక్రవర్తి రెండవ నికోలస్ కార్లశాలలో పనిచేసిన ఫ్రెంచి యంత్రకారుడు అడాల్ఫ్ కెగ్రెస్, రాజుగారి కార్లకు వెనుక సాగుడుగల పట్టాలను, ముందు స్కీలు అను జారుడుపలకలను అమర్చెను. విప్లవానంతరము లెనిన్ వాడిన రోల్స్‌రాయిస్ కారొకటి ఇట్టి పట్టాలతో, స్కీలతో మాస్కో సమీపమందలి గోర్కి గ్రామపు ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది. కెగ్రెస్ పట్టాలు గల సిట్రోయెన్ బండ్లే 1931 లో శ్రీనగరమునుండి హిమాలయ కనుమలను దాటి గిల్గిట్ చేరినవి. అమెరికాలో వర్జిల్ వైట్ అను నాతడు మోడల్ టి కారుకు ముందు స్కీలను, వెనుక ఇనుపపట్టాలను తగిలించు సామగ్రిని తయారుచేసి అమ్మెను. పల్లెవైద్యులు, టపాబంట్రోతులు దానిని వాడుచుండిరి.

ఐనను ఈ బండ్లన్నియు నేలపై నడచుటకు చేసిన కార్లే. మంచు కొంత గట్టిపడినచోట బాగుగ పోవును. లోతైన మెత్తని మంచులో బరువుకు దిగబడును. దీనిలోని సూక్ష్మము పల్లెవారికి సులభముగ బోధపడునదే. బురదలో కాలు మోపిన మనిషి మోకాలిలోతు దిగబడును. అదే బురదపై పలక పరచి నిలిచినచో దిగబడడు. మనిషి బరువు మారలేదు, ఆ బరువు మోపిన చోటు మాత్రము పెరిగినది. కనుక మంచుబండికి కావలసినది అధికబలము కాదు. తక్కువ బరువు, ఆ బరువును విస్తారముగ పరచు మెత్తని పట్టా. మఱియొక చిక్కు కలదు. ఇనుపపండ్ల చక్రముల సందులలో మంచు చిక్కి, గడ్డకట్టి, పట్టాను జారచేయును, లేదా తెంచివేయును. బొంబార్డియర్ సుమారు పదేండ్లు ఈ రెండు చిక్కులతోనే పెనగులాడెను. పాతకార్లను కోసి, అతికి, ఒక శీతకాలమున చేసినదానిని మరుసటి శీతకాలమున విప్పి, మరల చేయుచుండెను.

పుత్రశోకము

1934 వ సంవత్సరపు శీతకాలమున ఆ యింట ఘోరవిపత్తు సంభవించెను. రెండేండ్ల కుమారుడు ఈవాన్‌కు తీవ్రమైన కడుపునొప్పి వచ్చెను. ప్రేగుల వాపు ముదిరి కడుపంతయు చీముపట్టు వ్యాధి అది. శస్త్రచికిత్స చేసినగాని ప్రాణము దక్కదు. ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో నున్నది. దూరము సుమారు యేబది కిలోమీటర్లు. వేసవిలో అది మోటారుకు ఒక్క గంట ప్రయాణము. కాని దారులన్నియు మంచుతో మూసికొనిపోయి యుండెను. ఏ కారును కదలజాలదు. మంచుపై నడచుటకు తాను నిర్మించుచున్న బండి గారేజిలో విడిభాగములుగా పడియుండెను. బిడ్డడు తల్లిదండ్రుల కన్నులయెదుటనే కన్నుమూసెను.

ఊరివారి బండ్లన్నింటిని నడిపించిన చేతులు, తన బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయినవి. ఇంతకు మించిన వ్యథ తండ్రికి వేరొకటి లేదు. ఆ శీతకాలమున వాల్‌కూర్‌వంటి పల్లెలెన్నియో, అట్టి యిండ్లెన్నియో! వైద్యుడు రాలేక, రోగి పోలేక, పోయిన ప్రాణములకు లెక్క యెవరు వ్రాసిరి? ఆయన పనిని విడువలేదు. ఆ పని అంతవరకు యంత్రకారుని ఉత్సాహము. అటుపిమ్మట తండ్రి వ్రతము.

పండ్లచక్రము - రబ్బరుపట్టా

1935 లో చిక్కు విడిపోయెను. ఆయన కొయ్యతో పండ్లచక్రమును చేసి, దానికి రబ్బరుతొడుగు వేసెను. రబ్బరుపట్టీలను ఉక్కు అడ్డకమ్ములతో జతపరచి పట్టా నిర్మించెను. చక్రపు పండ్లు ఆ కమ్ములను పట్టి పట్టాను త్రిప్పును. రబ్బరు మెత్తగ వంగుటచే మంచు దానికి అంటుకొని గడ్డకట్టదు, తిరుగునపుడే రాలిపోవును. పట్టా తేలికయైనది, రొద తక్కువయైనది, బండి మంచులో దిగబడుట మానెను. దీనికి కెనడా ప్రభుత్వము 1937 జూన్ 29 వ తేదీన పేటెంటు హక్కు నిచ్చెను.

ఆ సాధనముతో తయారైన బండికి బి-7 అని పేరు, ఏడుగురు కూర్చుండవచ్చును. ముందు రెండు స్కీలు, వెనుక రెండు పట్టాలు. తేలికగ నుండుటకై బండిని ప్లైవుడ్డుతో కట్టి, ఇంజనును వెనుక నుంచెను. టాపులేని కారులో వణకుచు పోవు కాలము గడచినది. రోగిని పరుండబెట్టి, నాలుగువైపుల మూసి, వెచ్చగ తీసికొనిపోవు బండి వచ్చినది. దానిని మొదట కొన్నవారు ఎవరు? పల్లెవైద్యులు, మతగురువులు, టపా మోయువారు, తంతితీగలు బాగుచేయువారు, సరకులు చేరవేయువారు. ఏ పనికై ఆయన తపించెనో ఆ పనికే అది వినియోగపడెను.

గిరాకి పెరిగినది. 1940 లో వాల్‌కూర్‌లోనే సంవత్సరమునకు రెండువందల బండ్లు తయారుచేయగల కర్మాగారమును నిర్మించెను. తరువాత పండ్రెండుగురు కూర్చుండు బి-12 వచ్చెను. ఆకులచక్రముల సందులలో మంచు చేరుచుండుటచే, దానికి ఆకులులేని నిండుచక్రములను అమర్చెను. గుండ్రని కిటికీలతో ఓడనుబోలు ఆ బండి క్విబెక్ శీతకాలమునకు గుర్తుగ నిలిచిపోయినది. 1942 జూలై 10 వ తేదీన ఆయన వ్యాపారము కంపెనీగా నమోదయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ముడిసరకుల కొరతచే, మంచుబండి తమకు అత్యవసరమని నిరూపించినవారికి మాత్రమే దానిని అమ్మవలెనని ప్రభుత్వము కట్టడిచేసెను. సైన్యమునకై ఆయన పట్టాబండ్లను రూపొందించెను. బడిపిల్లలకై పాతికమందిని ఎక్కించుకొను పెద్దబండిని కూడ చేసెను. మంచుకాలమున మూతపడు పల్లెబడికి అది గొప్ప వరము.

దారి తెరచినపుడు మూసికొనిన ద్వారము

పిమ్మట చిత్రమైన పరిస్థితి ఏర్పడెను. 1948 ప్రాంతమున క్విబెక్ ప్రభుత్వము పల్లెబాటలనుండి కూడ మంచును తొలగింప నిశ్చయించెను. గ్రామములకిది మహోపకారము, ఏ కారైనను ఇక శీతకాలమున తిరుగవచ్చును. కాని బొంబార్డియర్ బండ్ల గిరాకి ఒక్కసారిగ పడిపోయెను. తన బిడ్డ ప్రాణమును బలిగొన్న కష్టము తీరిన సమయముననే, ఆ కష్టమును తీర్చుటకై తాను కట్టిన కర్మాగారము క్రుంగిపోవు స్థితికి వచ్చెను.

వేరొకడైనచో నగరమునకు పోయి వేరు వ్యాపారము చూచుకొనియుండును. ఆయన అట్లు చేయలేదు. బాటలపై మంచు తొలగినచో బాటలు లేనిచోట్లు ఇంకను కలవుగదా యని తలపోసెను. వ్యవసాయపు ట్రాక్టర్లు బురదలో దిగబడకుండ వానికి తగిలించు పట్టాలను చేసెను. 1953 లో మస్కెగ్ అను ట్రాక్టరును నిర్మించెను. ఉత్తర కెనడాలోని ఊబినేలలకు మస్కెగ్ అని పేరు. అడవులలోను, చమురు వెదకు ప్రాంతములలోను ఆ యంత్రము విశేషముగ వాడుకకు వచ్చెను. 1957-58 లో వివియన్ ఫుక్స్ నాయకత్వమున అంటార్కిటికా ఖండమును భూమార్గమున మొదటిసారిగ దాటిన బృందము బయలుదేరునపుడు, వారి వాహనములలో ఒక మస్కెగ్ ట్రాక్టరు కూడ ఉండెను.

బాల్యస్వప్నము ఫలించుట

పదునైదవయేట కట్టిన బండిని ఆయన మరవలేదు. ఒకరిద్దరిని మాత్రమే మోయు తేలికబండిని చేయవలెనని ఆయన కోరిక. అంత చిన్న ఇంజనులు దొరకక పూర్వము ఆగవలసివచ్చెను. 1950 తరువాత తేలికయైన ఇంజనులు వచ్చినవి. కుమారుడు జెర్మేన్ అతుకులులేని వెడల్పైన రబ్బరుపట్టాను సిద్ధపరచెను. ఆ రెంటిని కలిపి 1959 లో ఆర్మాండ్ చిన్న మంచుబండిని విడుదల చేసెను. తొలి బండ్లలో ఒకటి ఉత్తర ఒంటారియో అడవులలో ఆదిమవాసుల మధ్య పనిచేయు మోరిస్ విమే అను మతబోధకునికి అందెను. కుక్కలు లాగు బండ్లకు మారుగా వేటగాండ్రకు, మతబోధకులకు, సర్వేదారులకు ఉపయోగపడవలెనని దానికి స్కీ-డాగ్ అని పేరిడదలచిరనియు, అక్షరము తారుమారై స్కీ-డూ అయ్యెననియు చెప్పుదురు.

మొదటి శీతకాలమున అమ్ముడుపోయినవి 225 బండ్లు. 1963-64 లో 8,210 బండ్లు. ఆయన పనిముట్టుగా చేసినదానిని జనులు విహారమునకును వాడుకొనిరి. నాలుగు గోడలమధ్య గడపవలసిన చలినెలలు పల్లెవారికి ఉత్సవదినములైనవి. పూర్వము టాపులేని కారులో పోవువారు చలికి వెరచుచుండిరి. ఇప్పుడు యువకులు కప్పులేని ఈ బండిపై గాలికెదురుగ పోవుటకై మంచు ఎపుడు కురియునా యని ఎదురుచూడసాగిరి.

నిర్యాణము - అనంతరము

ఆ అభివృద్ధిని ఆయన ఎక్కువకాలము చూడలేకపోయెను. పుట్టకురుపు వ్యాధితో 1964 ఫిబ్రవరి 18 వ తేదీన కీర్తిశేషుడయ్యెను. అప్పటికాయన వయస్సు యేబదియారేండ్లు. అదియును మంచు నేలను కప్పియున్న కాలమే. కాని వాల్‌కూర్ అప్పటికి దారిలేని పల్లె కాదు.

1966 లో అల్లుడు లోరాన్ బొదువాన్ కంపెనీ అధ్యక్షుడయ్యెను. క్రమముగ ఆ సంస్థ రైలుబండ్లను, విమానములను కూడ నిర్మించి ప్రపంచప్రఖ్యాతి గాంచెను. ఢిల్లీ మెట్రోలో తిరుగు పెట్టెలలో అనేకము గుజరాతులోని సావ్లీయందు ఆ పేరుగల కర్మాగారమునుండి వచ్చినవే. మంచుబండ్ల శాఖ 2003 లోను, రైళ్లశాఖ 2021 లోను అన్యుల చేతులలోనికి పోయినవి. పేరు ఎచ్చట తిరిగినను, మూలము మాత్రము వాల్‌కూర్‌లోనే నిలిచియున్నది. ఆయన 1926 లో తెరచిన చిన్న గారేజిని 1971 లో స్థాపించిన ప్రదర్శనశాలలో భద్రపరచిరి. సెలవుదినములలో పిల్లలు వచ్చి ఆ పనిముట్లను, కొయ్యచక్రమును, బి-7 బండిని చూచుచుందురు.

బొంబార్డియర్ జీవితము రెండు సంగతులను తెలుపుచున్నది. మొదటిది, కళాశాల దూరమైనను విద్య దూరము కాదు. రాత్రిపాఠములు, టపాలో వచ్చిన కాగితములు, పట్టుదల—ఇవియే ఆయన విశ్వవిద్యాలయము. రెండవది, ప్రకృతిని అణచుటకంటె దానితో సర్దుకొనిపోవుట మేలు. మంచును త్రవ్విపారవేయు బలముకొఱకు ఆయన వెదకలేదు. మంచుపై భారము మోపకుండ తేలికగ అడుగువేయు నేర్పుకొఱకు వెదకెను. ఒక పసివాని ప్రాణము నిలుపలేకపోయిన శీతకాలమునుండి, పెక్కు ప్రాణములను నిలిపిన బాట పుట్టినది. తన ఊరికి దారి వేసినవాడే లోకమునకు దారి చూపినవాడు. ఆ పుణ్యపురుషుని చరిత్ర పల్లెసీమల యువకులకు సదా స్మరణీయము.